వంటింట్లో కోచ్

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కాలేజీ జిమ్ తలుపు దాటి లోపలికి అడుగుపెట్టాక బ్రిట్ తన తల్లిని అమ్మా అని పిలవకూడదు, కోచ్ అనాలి. కొలీన్ కూడా కన్నకూతుర్ని పేరుపెట్టి పిలవదు. జెర్సీ మీది నంబరుతో "పదకొండూ!" అని కేకేస్తుంది. మళ్ళీ ఇంటికొచ్చి, మంచు బూట్లు విప్పి వంటింట్లో కూర్చున్నాక అమ్మా, బ్రిట్. సొంత కూతుర్ని వెనకేసుకొస్తోందని జట్టులో మిగతా పిల్లలెవరూ అనకూడదని కొలీన్ పెట్టిన నియమం అది. నాలుగేళ్ళలో ఇద్దరూ ఒక్కసారి కూడా తప్పలేదు. "మీరు తల్లీకూతుళ్ళా, పోలీసులా?" అని నేను ఎంత దెప్పినా నవ్వి ఊరుకునేవాళ్ళు.

నా పేరు ఆర్డిస్. కొలీన్‌కి తల్లిని. నేనూ ఆడినదాన్నే. మా రోజుల్లో అయొవాలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ వేరు. జట్టుకు ఆరుగురం. ముగ్గురు బుట్టలో వేసేవాళ్ళు, ముగ్గురు అడ్డుకునేవాళ్ళు, మధ్యగీత ఎవరూ దాటకూడదు. నేను అడ్డుకునేదాన్ని. ఆడినన్నాళ్ళూ ఒక్క బంతీ బుట్టలో వేయలేదు, అయినా మా జిల్లాలో నా పేరు తెలియని ఇల్లు లేదు. అడ్డం నిలబడటం మా ఇంటి విద్య. నా నుంచి కొలీన్‌కి, కొలీన్ నుంచి బ్రిట్‌కి వచ్చింది.

ఆ చలికాలం బ్రిట్‌కి ఆఖరి సీజన్. కొలీన్‌కి కూడా మా ఊళ్ళో అదే ఆఖరిది అవుతుందని అందరం అనుకున్నాం. పక్క రాష్ట్రంలోని ఒక పెద్ద యూనివర్సిటీ వాళ్ళు క్రిస్మస్‌కి ముందు ఫోన్ చేశారు. వాళ్ళ ఆడపిల్లల జట్టుకు కోచ్ కావాలి, నీ జట్టు ఫైనల్‌కి చేరితే వచ్చి ఆట చూస్తాం అన్నారు. ఇరవై ఏళ్ళు ఆ చిన్న కాలేజీలో నా కూతురు పడ్డ పాట్లు నాకు తెలుసు. మగపిల్లల జట్టు బస్సులో వెళితే, తను వ్యాను తానే నడుపుకుంటూ మంచులో పిల్లల్ని తీసుకెళ్ళేది. వాళ్ళ జెర్సీలు మా ఇంట్లో, మా వాషింగ్ మెషీన్‌లోనే ఉతికేది. ఫోను పెట్టేసి గోడకానుకుని నిలబడి, "అమ్మా, వాళ్ళకి సొంత బస్సుందట" అంది చిన్నపిల్లలాగా. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

కొలీన్ జట్టుకు పేరు తెచ్చింది చార్జ్. అవతలి పిల్ల బంతితో దూసుకొస్తుంటే ముందే వెళ్ళి దారిలో పాదాలు పాతుకుని నిలబడాలి. ఆ పిల్ల వచ్చి గుద్దుకుంటే వెల్లకిలా పడాలి. కదలకుండా నిలబడ్డావా, తప్పు ఆమెది, బంతి నీది. అదే చార్జ్ తీసుకోవడమంటే. ఆదివారం జట్టంతా మా ఇంటికొచ్చి చిల్లీ అనే మాంసం బీన్స్ కూర, తియ్యటి దాల్చినచెక్క రొట్టెలు తినేవాళ్ళు. రొట్టెలు నేనే చేసేదాన్ని. ట్రే నడిమధ్యన నాలుగు వైపులా మెత్తగా ఉండే రొట్టె ఆ వారం చార్జ్ తీసుకున్న పిల్లకే దక్కేది. అదెప్పుడూ బ్రిట్ ప్లేటులోనే పడేది.

కొలీన్ నేర్పినది ఇంకొకటి ఉంది. ఈల మోగి ఆట ఆగినప్పుడల్లా ఐదుగురు పిల్లలూ తలలు దగ్గర పెట్టి, ఎక్కడున్నాం, ఎవరితో ఆడుతున్నాం, ఎన్నో భాగం, ఎన్ని పాయింట్ల తేడా అని పైకి చెప్పుకోవాలి. ఆటలో బుర్ర చెదరకుండా ఉండటానికని కొలీన్ కనిపెట్టిన పద్ధతి. నాలుగేళ్ళు రోజూ చెప్పి చెప్పి పిల్లలకి అది ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకున్న పద్ధతే మా కొంప ముంచింది.

జనవరిలో మా జిమ్‌లో ఆట జరుగుతోంది. నేను ఎప్పట్లాగే కొలీన్ బెంచీ వెనక వరుసలో కూర్చున్నాను. అవతలి జట్టులో దుక్కలాంటి పిల్ల ఒకతి బంతితో వచ్చి పడింది. బ్రిట్ కదల్లేదు. నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. పడేటప్పుడు మాత్రం తల వెనకభాగం చెక్కనేలకు తగిలి, గుమ్మడికాయ గచ్చు మీద పడ్డట్టు చప్పుడైంది. జిమ్ అంతా చప్పట్లు. నేను చప్పట్లు కొట్టలేకపోయాను.

జట్టు పిల్లల దెబ్బలు చూసే పెగ్ పరిగెత్తుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎక్కడున్నాం తల్లీ?"

"మన జిమ్‌లో."

"ఎవరితో ఆడుతున్నాం? తేడా ఎంత?"

బ్రిట్ గడగడా చెప్పింది. పెగ్ లేచి కొలీన్ వైపు బొటనవేలు ఎత్తి చూపించింది. ఆ రోజుల్లో తల దెబ్బకి పరీక్ష అంటే అంతే.

"పదకొండూ, ఆడగలవా?" అంది కొలీన్.

"ఆడతాను కోచ్."

ఆడింది. గెలిచాం. ఆదివారం మెత్తటి రొట్టె తిని, కాసేపటికి వచ్చి, "అమ్మమ్మా, నా రొట్టె ఎవరు తినేశారు?" అని అడిగింది. పిల్లలందరూ పగలబడి నవ్వారు. "నీ పొట్టనడుగు, చెబుతుంది!" అన్నాను నేను కూడా. బ్రిట్ నవ్వలేదు. తన ప్లేటులో చక్కెర మరకల వంక అదేపనిగా చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. భోజనాల దగ్గర బ్రిట్ లైటు ఆర్పేసేది. చెంచా కిందపడితే చెవులు మూసుకునేది. ఏదైనా అడిగితే, "నిద్ర చాలలేదు, చదువు ఎక్కువైంది" అని కసురుకునేది. ఒక మధ్యాహ్నం మా అల్లుడు డ్వేన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నోట్లోంచి మాట రాలాలంటే ముహూర్తం చూడాలి అతనికి.

"అత్తయ్యా, బ్రిట్ పందుల కొట్టంలో కూర్చుంది. తలుపులన్నీ మూసేసి."

"పందుల కొట్టంలో దానికేం పని?"

"చీకటిగా ఉంటుందట. నన్ను చూసి, 'నాన్నా, నువ్వెప్పుడొచ్చావు?' అంది. పొద్దుట్నుంచీ ఇద్దరం కలిసే మేత వేస్తున్నాం అత్తయ్యా."

వెంటనే కోటు తగిలించుకుని వెళ్ళాను. పిల్ల తలుపు పక్కన బకెట్ బోర్లించి దానిమీద కూర్చుంది. పక్కనే కూలబడ్డాను.

"నాకు చెప్పవే. తల నొప్పా?"

"వస్తుంది, పోతుంది. అమ్మతో అనకు అమ్మమ్మా."

"ఎందుకనకూడదు?"

"అంటే కూర్చోబెట్టేస్తుంది. నేను లేకపోతే మధ్యలో ఎవరు నిలబడతారు? ఫైనల్‌కి వెళ్ళకపోతే ఆ యూనివర్సిటీ వాళ్ళు ఎందుకొస్తారు? ఇరవై ఏళ్ళు అమ్మ మా మురికి బట్టలుతికింది. ఇంకో నెల. నెల ఓర్చుకోలేనా?"

"నీ తలకాయ!" అన్నాను. కోపంతోనే అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

దాని మాట నేనెందుకు వింటాను? తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. కొలీన్ ఉతికిన జెర్సీలు మడతపెడుతోంది.

"నీకు కళ్ళున్నాయా కొలీన్? నీ కూతురు మనిషిలా లేదు."

"అలిసిపోయిందమ్మా. జట్టంతా అలానే ఉంది."

"జట్టంతా పందుల కొట్టంలో కూర్చుంటోందా? దానికి తల దెబ్బ తగిలింది."

"పెగ్ ప్రతిసారీ అడుగుతోంది. అన్నిటికీ సరిగ్గా చెబుతోంది కదా!"

"ఎందుకు చెప్పదూ? నువ్వు నూరిపోసిన పాఠమే నీకు అప్పజెబుతోంది! పెగ్ అడిగేదీ అదే, నువ్వు రోజూ వల్లె వేయించేదీ అదే. స్పృహ లేకపోయినా చెబుతారు నీ పిల్లలు."

కొలీన్ చేతిలో పదకొండో నంబరు జెర్సీ ఉంది. దాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"నువ్వు ముక్కు విరిగినా ఆడానని గొప్పలు చెప్పలేదూ? చిన్నప్పుడు రోజూ అదే కథ."

"ముక్కు వేరు, తల వేరు. ముక్కు వంకరైతే పెళ్ళికి అడ్డమేమో గానీ బుర్రకి కాదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఫైనల్ అయిపోనీ అమ్మా. సోమవారమే సిటీలో డాక్టరుకి చూపిస్తాను. కొద్దిరోజులే కదా" అంది. బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు. నాకు ఒళ్ళు మండింది, అంతలోనే దానిమీద జాలీ వేసింది. బస్సు మాట చెప్పినప్పటి దాని ముఖం నా కళ్ళముందే ఉంది మరి.

సెమీఫైనల్ శుక్రవారం. మా జట్టు పట్టికలో పైనుండబట్టి సెమీస్, ఫైనల్ రెండూ మా జిమ్‌లోనే. ఆట చివర్లో బ్రిట్ మళ్ళీ దారికడ్డంగా నిలబడింది. ఈసారి తగిలింది మోచెయ్యి, కణతకు. పడి లేచి, బట్టలు దులుపుకుని, తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి అవతలి జట్టు బెంచీ మీద కూర్చుంది.

జనం ఘొల్లున నవ్వారు. అవతలి కోచ్ కూడా నవ్వి దానికి టవల్ ఇచ్చాడు. మా పిల్ల ఒకతి పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పెగ్ అడిగింది. బ్రిట్ చెప్పింది. మన జిమ్, రెండో భాగం, నాలుగు పాయింట్లు ముందున్నాం. ఒక్కటీ తప్పు కాదు. కొలీన్ వీపే నాకు కనబడుతోంది. ఆ వీపు నిటారుగా ఉంది గానీ, వెనక్కి పెట్టుకున్న చేతుల్లో విజిల్ తాడు వేళ్ళకు చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

నాలుగు పాయింట్ల తేడాతో గెలిచాం. ఊరంతా కార్ల హారన్లు మోగించుకుంటూ ఇళ్ళకెళ్ళింది.

మర్నాడు పొద్దున్న, ఫైనల్ రోజు, నలుగురం వంటింట్లో ఉన్నాం. కిటికీ బయట కొత్తమంచు. నేను పొయ్యి మీద ఓట్స్ కలుపుతున్నాను. డ్వేన్ కాఫీ తాగుతున్నాడు. కొలీన్ ఉప్పు సీసాని, మిరియాల సీసాని, చెంచాల్ని బల్ల మీద పెట్టి ఎవరు ఎక్కడ నిలబడాలో చూసుకుంటోంది. తలెత్తకుండానే, "పాలు ఇలా అందించు" అంది.

బ్రిట్ కుర్చీలోంచి లేచింది. పాలసీసా వైపు వెళ్ళలేదు. తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాలుగు పాయింట్లు ముందున్నాం కోచ్. రెండో భాగం. మళ్ళీ చార్జ్ తీసుకోనా?"

మోకాళ్ళు కొద్దిగా వంచి, చేతులు ఛాతీ మీదికి తెచ్చుకుని, వంటింటి గచ్చు మీద ఉత్తి పాదాలు వెడల్పుగా పాతుకుని నిలబడింది. కళ్ళు తల్లి మీదే ఉన్నాయి.

డ్వేన్ కప్పు దించాడు. నా గరిటె ఆగిపోయింది. మేమేం అన్నా దానికి వినబడేలా లేదు. కొలీన్ మెల్లగా లేచి, ఇంట్లో ఎప్పుడూ వాడని ఆ జిమ్ గొంతుతో, "ఆట ఆపారు పదకొండూ. కూర్చో" అంది.

బ్రిట్ వెంటనే కూర్చుంది. కాసేపటికి కళ్ళార్పి, మా ముఖాలు చూసి, "ఏంటందరూ దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నారు? పాలు కావాలన్నావు కదమ్మా?" అంటూ సీసా అందించింది.

కొలీన్ పాలు పోసుకుంది. ఓట్స్ తింది కూడా. తిని, బల్ల మీద పేర్చిన వాటిలోంచి ఉప్పు సీసా తీసి పక్కన పెట్టింది. నేను అనాల్సినవన్నీ ఎప్పుడో అనేశాను.

జిమ్‌లో ఇసుకేస్తే రాలనంత జనం. పెద్ద యూనివర్సిటీ వాళ్ళు ఇద్దరు, పొడుగు కోట్లలో, అవతలి వైపు పైవరుసలో కూర్చున్నారు. మైకులో మొదటి ఐదుగురి పేర్లు చదివారు. అందులో బ్రిట్ పేరు లేదు. ముందు జనం గుసగుసలాడారు, తర్వాత కేకలేశారు. "కొలీన్, మతిపోయిందా?" అని మా చర్చి ఫాదర్ తమ్ముడే అరిచాడు. "నోరు మూసుకుని ఆట చూడరా!" అని నేను వెనక్కి తిరిగి అరిచాను.

బ్రిట్ జెర్సీ వేసుకుని బెంచీ చివర కూర్చుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. రెండో భాగంలో అవతలి జట్టులో ఒక బక్కపిల్ల బంతితో మా మధ్యలోంచి మళ్ళీ మళ్ళీ దూరిపోతోంది. అడ్డం నిలిచే మనిషి లేదు. ఆ ఖాళీ ఎవరిదో జిమ్‌లో అందరికీ తెలుసు. బ్రిట్ ఒక్కో సీటూ జరుగుతూ జరుగుతూ తల్లి పక్కకొచ్చింది. వెనక కూర్చున్న నాకు ప్రతి మాటా వినబడింది.

"కోచ్, నన్ను పంపు."

కొలీన్ చేయి ఊపి పిల్లల్ని వెనక్కి రమ్మంది.

"వాళ్ళు చూస్తున్నారు కోచ్. ఇదే ఆఖరి ఆట. ఒక్క చార్జ్, అంతే."

కొలీన్ బెంచీ మీంచి ఇంకో పిల్లని లేపి ఆటలోకి పంపింది.

"అమ్మా."

నాలుగేళ్ళలో మొదటిసారి ఆ జిమ్‌లో ఆ మాట విన్నాను.

"అమ్మా, ఇదంతా నీకోసమే అమ్మా. పంపవే."

కొలీన్ ఆట మీంచి చూపు తిప్పలేదు. "అమ్మా అన్నావు కదా. అందుకే పంపను" అంది.

ఓడిపోయాం. చివరి గంట మోగక ముందే పొడుగు కోట్ల వాళ్ళు లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఊరు ఊరంతా నోరు మూసుకుని ఇళ్ళకెళ్ళింది.

సోమవారం సిటీలో డాక్టరు బ్రిట్‌ని చాలాసేపు పరీక్షించాడు. ఇక జన్మలో ఆడకూడదన్నాడు. మతిమరుపు తగ్గుతుందా అని కొలీన్ అడిగితే, తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. అంత చదువుకున్నవాడూ అంతకంటే చెప్పలేకపోయాడు. ఆ యూనివర్సిటీ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. ఏప్రిల్‌లో కొలీన్ కాలేజీకి వెళ్ళి, విజిల్ బల్ల మీద పెట్టేసి వచ్చింది. "రేపు ఇంకో తల్లి కన్నబిడ్డను పాదాలు పాతుకో అని ఎలా చెప్పనమ్మా? నా వల్ల కాదు" అంది. నేను కాదనలేదు. దాని తలను ఒళ్ళోకి తీసుకున్నాను, అంతే.

బ్రిట్ తల్లిని క్షమించలేదు. ఆఖరి ఆట లాక్కుందని, తను పడ్డ కష్టమంతా బూడిదలో పోసిందని లోపల రగిలిపోయేది. ఆ రోజు పొద్దున్న వంటింట్లో ఏం జరిగిందో చెబితే నమ్మలేదు. "మీరంతా ఒకటై కథ అల్లారు" అంది. అప్పట్నుంచి ఇంట్లో కూడా కోచ్ అనడం మొదలుపెట్టింది. కావాలని, మనసు కోసేలా. "కాఫీ కావాలా కోచ్?" "ఫోను మీకే కోచ్."

అలా అన్నప్పుడల్లా కొలీన్ చేతిలో పని ఆగిపోయేది. కూతురి కళ్ళలోకి చూసి, "ఎక్కడున్నాం బ్రిట్?" అని అడిగేది.

"వంటింట్లో ఉన్నాం కోచ్. మే నెల. చిత్తుగా ఓడిపోయాం" అనేది బ్రిట్, పళ్ళు కొరుకుతూ.

ఆ వెటకారం విని కొలీన్ ఊపిరి పీల్చుకునేది. కూతురు ఎత్తిపొడిస్తే సంతోషపడే తల్లిని లోకంలో ఎక్కడైనా చూశారా? నేను చూశాను. బ్రిట్ కోపంతో కోచ్ అంటోందంటే బుర్ర ఇంట్లోనే ఉందన్నమాట. ఆ కోపమే మాకు మందులా అయిపోయింది. అది తగ్గకుండా ఉండాలని చర్చిలో మోకరిల్లి దేవుణ్ణి అడిగాను నేను, సిగ్గులేకుండా.

ఆగస్టులో తీపి మొక్కజొన్న చేతికొచ్చింది. డ్వేన్ బయట ట్రాక్టరు కడుగుతున్నాడు. వంటింట్లో బ్రిట్ కంకుల తొక్కలు ఒలుస్తోంది, నేను నీళ్ళు మరగబెడుతున్నాను, కొలీన్ బల్ల దగ్గర బీన్స్ తుంచుతోంది. తలుపు తీసి ఉంది, ఎండ లోపలిదాకా వచ్చింది. ఆ నెలంతా పిల్ల బాగానే ఉంది. ముందురోజు నాతో పేకాట ఆడి గెలిచింది కూడా.

"ఎన్ని కంకులు ఉడకబెట్టను కోచ్?" అంది.

"ఎక్కడున్నాం బ్రిట్?" అంది కొలీన్, అలవాటుగా, బీన్స్ మీంచి తలెత్తకుండానే.

ఎత్తిపొడుపు కోసం నేను చెవి ఒగ్గాను. రాలేదు. కొలీన్ తలెత్తింది. బ్రిట్ చేతిలోంచి కంకి జారి కిందపడింది. కిటికీ వంక చూసింది, పొయ్యి వంక చూసింది, తల్లి వంక చూసింది. ఆ ముఖం చూడలేక నేను తల దించుకున్నాను. అందుకే ముందు నాకు దాని పాదాలు కనబడ్డాయి. మొక్కజొన్న పీచు మీద, ఆ ఉత్తి పాదాలు మెల్లగా ఎడంగా జరిగాయి. గచ్చు మీద పాతుకున్నాయి.

కొలీన్ ఒళ్ళోని బీన్స్ అన్నీ నేలపాలు చేస్తూ లేచి నిలబడింది. ఫైనల్ తర్వాత మేమెవరం వినని ఆ జిమ్ గొంతుతో, వణకకుండా అంది.

"ఆట ఆపారు పదకొండూ. కూర్చో."